గుమ్మం లేని జాతకం

అక్టోబరు 6, మంగళవారం

నాకు అక్షరం రాదు. గడియారం ముళ్ళు చూడటం వచ్చు, నాడి చూడటం వచ్చు, కడుపు మీద చెయ్యి వేసి బిడ్డ తల ఎటుందో చెప్పడం వచ్చు. నలభై ఏడేళ్ళు మంత్రసానిగా బతకడానికి ఆ మూడూ సరిపోయాయి. ఇప్పుడు సరిపోవడం లేదు. అందుకే ఇది చెబుతున్నాను.

రాస్తున్నది పై వాటాలో అద్దెకున్న టైపిస్టమ్మ. కోర్టులో ముప్పై ఏళ్ళు సాక్షుల మాటలు టైపు చేసి రిటైరైంది. వేలమంది ఏడుపులు ఆమె చేతిలోంచి పోయాయి, ఒక్కటీ నోట్లోంచి బయటికి రాలేదు. అందుకే ఈమెను పట్టుకున్నాను. నేను వాగినట్టు రాయదు, కాగితానికి తగ్గట్టు సర్ది రాస్తుంది. సర్దుకో కానీ మార్చకు అన్నాను.

"మార్చే అలవాటే ఉంటే ఈపాటికి మేడ కట్టేదాన్ని పెద్దమ్మగారూ" అంది.

కింద మా అమ్మాయి కుట్టుమిషను చప్పుడు వినబడుతున్నంతసేపూ నేను ఇక్కడ కూర్చుని చెబుతాను. చప్పుడు ఆగితే నేనూ ఆగుతాను. ఇది ఆమె చెవిన పడకూడదు.

నా కేసు ఇది. నా మనవరాలికి ఎనిమిదో నెల. చిన్నప్పటినుంచీ పిచ్చుక అంటాం. కడుపులో బిడ్డ అడ్డంగా ఉంది, ఆపరేషను తప్పదు, నవంబరు పదికీ పద్దెనిమిదికీ మధ్య ఏ రోజైనా సరే అంది డాక్టరమ్మ. ఆ మాట వినగానే మా అమ్మాయి పిచ్చుక జాతకం పట్టుకుని గడియారాలాయన దగ్గరికి పరుగెత్తింది. ఆయన గడియారాలు బాగుచేస్తాడు, జాతకాలు వేస్తాడు. రెండూ ఒకే బల్ల మీద, ఒకే భూతద్దంతో. తల్లి జాతకం చూసి, బిడ్డ ఏ ఘడియలో బయటికి రావాలో కట్టి ఇస్తాడట. ఆ ఘడియకు డాక్టరమ్మ కత్తి పట్టుకుంటుందట. బిడ్డ పుట్టాక టైము చూసే రోజులు నావి. టైము చూసి బిడ్డను పుట్టించే రోజులు వీళ్ళవి.

పిచ్చుక జాతకం ఇరవై తొమ్మిదేళ్ళ కిందట ఆయనే వేశాడు. నేను చెప్పిన టైము మీద వేశాడు. వాన రోడ్డును ముంచేసిన రోజున, ఈ ఇంటి కింది గదిలో, పిచ్చుకను నేనే తీశాను.

నేను చెప్పిన టైము ఒక నిమిషం అటూ ఇటూ ఉండవచ్చు. అంతకు మించి ఏమీ లేదు.

అక్టోబరు 7

నిన్న చెప్పింది చదవమన్నాను. చదివింది. సరిగ్గానే ఉంది. అంతకు మించి ఏమీ లేదు.

అక్టోబరు 9, శుక్రవారం

గడియారాలాయన కొట్టుకు వెళ్ళాను. ఫోన్లు వచ్చాక ఆయన కొట్లోకి గడియారాలు రావడం తగ్గింది, గోడలకు వేలాడేవన్నీ ఎవరూ తిరిగి తీసుకుపోనివి. తలా ఒక టైము చూపిస్తున్నాయి.

"జాతకం చదవడం నేర్పు" అన్నాను.

కంటికి భూతద్దం తీయకుండానే తలెత్తాడు. ఒక కన్ను కోడిగుడ్డంత కనబడింది. "ఎవరికక్కా?"

"నాకు."

"నీకు అక్షరాలు రావు కదా."

"నీకు పిల్లల్ని పుట్టించడం రాదు. వాళ్ళ బతుకులు చెప్పడం మానేశావా?"

నవ్వాడు. "డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చాయి. నీ జాతకంలో ఇంకా చూసుకోవడానికి ఏం మిగిలింది?"

"మనిద్దరిలో ఎవరు ముందు పోతారో చూసుకోవద్దూ?"

"అది నేను చెబుతాను, నువ్వు నన్ను సాగనంపి పోతావు. కూర్చో."

పాత క్యాలెండరు వెనక నాలుగు పలకల పెట్టె గీశాడు. అంచు చుట్టూ పన్నెండు గదులు. "ఇవి కదలవు. అద్దెకుండేవాళ్ళు తొమ్మిదిమంది, వీళ్ళు గది నుంచి గదికి మారుతుంటారు. మనిషి పుట్టిన క్షణంలో ఎవరు ఎక్కడున్నారో, దాన్ని ఫొటో తీసినట్టు పెడతాం. అదే జాతకం."

"మరి మంచీ చెడూ ఎలా చెబుతావు?"

"గుమ్మాన్ని బట్టి. దాన్నే లగ్నం అంటాం. పుట్టిన క్షణానికి తూర్పున ఏ గది లేస్తోందో అది గుమ్మం. అక్కడినుంచి లెక్కపెట్టాలి. మొదటి గది ఒళ్ళు, ఏడోది మొగుడు, ఎనిమిదోది ప్రాణం. గుమ్మం ఒక గది జరిగిందనుకో, మొగుడి గది కాస్తా ప్రాణం గది అయిపోతుంది. అందుకే టైము కచ్చితంగా ఉండాలి. నీలాంటి మంత్రసాని ఉంటే మాకు దిగుల్లేదు."

ఆయన ముఖం చూడలేక మాట మార్చాను. "మధ్యలో ఇంత చోటు ఖాళీగా వదిలేశారేం?"

"అక్కడ ఎవరూ ఉండరు."

"ఇంత చోట్లో ఎవరూ లేకపోవడమేమిటి?"

"లేరంటే లేరక్కా. నన్ను పుట్టుకలు అడుగు, ఖాళీలు అడక్కు."

అక్టోబరు 13, మంగళవారం

అక్షరాలు లేకపోతే బొత్తాలున్నాయి. మా అమ్మాయి బొత్తాల డబ్బా తెచ్చుకుని, నా మంచం వెనక నేల మీద సుద్దతో పెట్టె గీశాను. సూర్యుడికి ఇత్తడి బొత్తం. చంద్రుడికి ముత్యపు చిప్ప బొత్తం. కుజుడికి ఎర్రది, శనికి నల్లకోటు బొత్తం. బుధుడికి ఆకుపచ్చది, గురువుకు పసుపుపచ్చది, శుక్రుడికి పెళ్ళి జాకెట్టు మీద మిగిలిన మెరుపు బొత్తం. రాహుకేతువులు ఎప్పుడూ ఎదురెదురు గదుల్లోనే ఉంటారట. వాళ్ళకు జాకెట్టు హుక్కు ఒకటి, అది పట్టే కన్ను ఒకటి. గుమ్మానికి ఒక సూది.

పిచ్చుక జాతకం ఆయన చదివి చెబుతుంటే మనసులో పెట్టుకుని వచ్చి పేర్చాను. నేను చెప్పిన టైముకు గుమ్మం దగ్గర సూది పెట్టి లెక్కపెట్టాను. ఏడో గదిలో, అంటే మొగుడి గదిలో, ఇత్తడి, ఎరుపు, నలుపు మూడూ ఒకచోట కూర్చున్నాయి. ఎనిమిదోది ఖాళీ. అందుకే పెళ్ళి ఆలస్యం, ఆయుర్దాయానికి ఢోకా లేదు అని ఆయన చెప్పింది. పెళ్ళి ఆలస్యమే అయింది. పిల్ల నిక్షేపంగా ఉంది.

పిచ్చుక పుట్టింటికి వచ్చి వారమైంది. కడుపు పట్టుకుని నెమ్మదిగా నా గదిలోకి వచ్చి చూసింది. "ఇదేం ఆట అమ్మమ్మా?"

"ముసలాళ్ళ ఆట. తొక్కకు."

తొక్కలేదు. గదులన్నీ దాటి, పెట్టె నడుమ ఖాళీలో నిలబడింది. కాసేపు పాదాలకేసి చూసుకుంది.

"ఇక్కడ చల్లగా ఉంది" అంది.

గచ్చు అంతా ఒకటే గచ్చు. అదే మాట చెప్పి బయటికి తోలాను.

ఇంకో సంగతి. టైము నిమిషం కాదు, పది నిమిషాలు తేడా ఉండవచ్చు. పురుడు పోసేటప్పుడు ఎవరు మాత్రం గడియారం కేసి చూస్తూ కూర్చుంటారు?

అక్టోబరు 14

పది నిమిషాలకు గుమ్మం జరగదు. కనుక్కున్నాను.

అక్టోబరు 20, మంగళవారం

టైపిస్టమ్మ కలం ఆపింది. "పెద్దమ్మగారూ, ఆరో తారీకున నిమిషం అన్నారు. పదమూడున పది అన్నారు."

"అయితే మొదటిది కొట్టెయ్యి."

"కోర్టులో కొట్టెయ్యరండీ. కింద ఇంకోటి రాస్తారు. రెండూ ఉంటాయి."

"నువ్వు నా తరఫా, ఎదుటివాళ్ళ తరఫా?"

"ఎదుటివాళ్ళు ఎవరండీ?" అంది.

రాయి, సరే. బిడ్డ బయటికి వచ్చింది సాయంత్రం నాలుగూ పదికి. గడియారాలాయనకు నేను చెప్పింది నాలుగూ యాభై. నలభై నిమిషాలు.

బిడ్డ నీలంగా వచ్చింది. కదలిక లేదు. కాళ్ళు పట్టుకుని తలకిందులు చేశాను, వీపు మీద చరిచాను, నోట్లో ఊదాను. అవతల మా అమ్మాయి నెత్తురు ఆగకుండా పోతోంది. నా కన్నబిడ్డ. చేతులు రెండే ఉన్నాయి. సాయానికి వచ్చిన పక్కింటావిడ, ఇప్పుడు లేదు, గుమ్మం దగ్గరే కూలబడిపోయింది. పసిదాన్ని గుడ్డలో చుట్టి సత్తు పళ్ళెంలో, గోడ వార పెట్టాను. తల్లి వైపు తిరిగాను. "అమ్మా, ఏ బిడ్డ?" అని అడుగుతోంది. ఆడపిల్ల, బాగుంది, పడుకుంది అన్నాను. అలా అనకపోతే ఆమె పట్టు వదిలేసేది.

నెత్తురు ఆగాక వెనక్కి తిరిగాను. బిడ్డ ఏడ్చింది. గడియారం చూశాను. నాలుగూ యాభై. అదే చెప్పాను. ప్రాణం వచ్చిన టైమే పుట్టిన టైము. ఇందులో నా తప్పేముంది?

సూదిని నాలుగూ పదికి జరిపి చూశాను. ఒక గది వెనక్కి వెళ్ళింది. బొత్తం ఒక్కటీ కదలలేదు. ఇత్తడి, ఎరుపు, నలుపు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. అది ఇప్పుడు ఎనిమిదో గది.

అక్టోబరు 22

ఇవాళ ఏమీ చెప్పను. మిషను చప్పుడు కూడా లేదు.

అక్టోబరు 24, శనివారం

జాతకం సరైనదో కాదో తెలియాలంటే జరిగిపోయిన సంగతులతో సరిచూడాలి అన్నాడు గడియారాలాయన. సరిచూశాను. ఏ వయసులో ఏ బొత్తం పెత్తనం నడుస్తుందో ఆయన చేత మూడుసార్లు చెప్పించుకున్నాను.

పిచ్చుకకు పంతొమ్మిదో ఏట, నాలుగూ యాభై జాతకం ప్రకారం కొత్త బండి మీద సుఖ ప్రయాణం. నాలుగూ పది జాతకం ప్రకారం గండం. ఆ ఏడే కాలేజీ వాళ్ళు కొత్త బస్సులో వెళుతుంటే అది వంతెన దిగువకు బోల్తా పడింది. అందరికీ ఏదో ఒకటి విరిగింది. పిచ్చుకకు గీత కూడా పడలేదు. రోడ్డు పక్కన తిన్నగా కూర్చుని ఉందట. పేరడిగితే చెప్పడానికి చాలాసేపు పట్టిందట. ఆరో ఏట జ్వరం కూడా అలాంటిదే. ఒళ్ళు చల్లబడిపోయింది, ఇక లాభం లేదని డాక్టరు మంచం పక్కనుంచి లేచిపోయాక, నీళ్ళు కావాలని అడిగింది.

రెండు జాతకాలూ జరుగుతున్నాయి. ఒకటి పైకి, ఒకటి అడుగున.

తట్టుకోలేక, బొత్తాలు కొంగున కట్టుకుని కొట్టుకు వెళ్ళాను. ఎవరిదో చెప్పకుండా, నాలుగూ పది గుమ్మంతో ఆయన బల్ల మీద పేర్చాను. "అలవాటు కోసం పేర్చాను, చదువు" అన్నాను.

బొత్తాలు చూసి మొదట నవ్వాడు. తరవాత భూతద్దం తీసి పక్కన పెట్టాడు. "ఎవరిదక్కా ఇది?"

"ఎవరిదీ కాదు. ఊరికే."

"ఊరికే పేరిస్తే ఇలా కుదరదు. దీన్ని బాలారిష్టం అంటారు. పసికందులోనే పోయే యోగం. ఇలాంటి బిడ్డకు పన్నెండేళ్ళ దాకా జాతకం వేయకూడదంటారు. కానీ ఇది పన్నెండేళ్ళ లెక్క కూడా కాదు. ఈ బిడ్డ పుట్టిన రోజు పొద్దుగూకడం చూడలేదు."

"చూస్తే?"

"చూడదక్కా."

"చూసిందనుకో. పెరిగిందనుకో. చదువుకుని, పెళ్ళి చేసుకుని..."

బొత్తాలన్నీ అరచేత్తో ఒకచోటికి తోసేశాడు. "అయితే ఆ తిరిగేది ఈ జాతకం మనిషి కాదు" అన్నాడు. ఆ మాట అన్నాక గోడకున్న గడియారాలన్నిటికీ వరసగా కీ ఇవ్వడం మొదలుపెట్టాడు.

అక్టోబరు 25

ముసలి చాదస్తం. వాడికి చూపు తగ్గింది.

అక్టోబరు 28, బుధవారం

ఘడియ కట్టాడు. నవంబరు పన్నెండు, గురువారం, పొద్దున పదీ ఇరవై. మా అమ్మాయి ఆ కాగితం మిషను మూతకు అంటించి, దాని ఎదురుగా కూర్చుని కుడుతోంది.

ఆ రోజు ఎవరు ఏ గదిలో ఉంటారో ఆయన్నే అడిగి వచ్చి, పక్కనే ఇంకో పెట్టె గీసి పేర్చాను. శనికి ఒక చుట్టు తిరిగి రావడానికి ఇరవై తొమ్మిదేళ్ళు పడుతుంది. తిరిగి వచ్చాడు. పిచ్చుక పుట్టిందీ నవంబరులోనే కాబట్టి సూర్యుడు ఏటా ఆ రోజులకు అక్కడికే వస్తాడు. కుజుడికి ఈ ఏడే రావాలని బుద్ధి పుట్టింది. ఇత్తడి, ఎరుపు, నలుపు. మూడూ అదే గదిలో. పుట్టిన రోజున ఎలా ఉన్నాయో అలాగే.

నాలుగూ యాభై గుమ్మం నుంచి చూస్తే అది మొగుడి గది, మొగుడూ పెళ్ళాలు కాస్త చిరాకు పడతారు, అంతే. ఆయన అలాగే చూసి ఘడియ కట్టాడు. నాలుగూ పది గుమ్మం నుంచి చూస్తే ఆ రోజు పిచ్చుకను ఆపరేషను బల్ల మీద పడుకోబెట్టకూడదు.

పదహారున సూర్యుడు ఆ గది ఖాళీ చేస్తాడు. పదిహేడో, పద్దెనిమిదో అయితే ఫరవాలేదు. పిచ్చుక బతికి బయటపడాలంటే తారీకు మారాలి. తారీకు మారాలంటే నేను నోరు విప్పాలి. విప్పితే మా అమ్మాయికి ఆ పళ్ళెం సంగతి తెలుస్తుంది.

నోరు విప్పకుండానే మారుస్తాను.

నవంబరు 2, సోమవారం

"పదిహేడు చేయించు" అన్నాను.

మా అమ్మాయి మిషను తొక్కుతూనే ఉంది. "ఎందుకు?"

"నాకు అనిపించింది."

"నీకు అనిపించిందని డాక్టరమ్మకు చెప్పనా? నెలలు పూర్తిగా నిండేదాకా ఆగడం మంచిది కాదు, అడ్డంగా ఉన్న బిడ్డ, నొప్పులు వచ్చాయంటే కష్టం అని ఆవిడ చెబుతుంటే నువ్వూ విన్నావు."

"ఇన్ని పురుళ్ళు పోశాను, నాకు తెలియదా?"

"తెలుసు కాబట్టే అడుగుతున్నా. ఆయన దగ్గర వారానికి మూడుసార్లు కూర్చుంటున్నావు, ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు."

"మరైతే ముసలితనంలో మా ప్రాణం తియ్యకు" అంది. దారం తెగింది. పంటితో కొరికి మళ్ళీ ఎక్కించింది.

పిచ్చుక మొగుడికి ఫోను చేయించాను. మర్యాదస్థుడు. "మీరు పెద్దవారు అమ్మమ్మగారూ, మీరెలా అంటే అలా. అత్తయ్యగారిని అడగండి" అన్నాడు. అలాంటి మర్యాద దేనికీ పనికిరాదు.

నవంబరు 5, గురువారం

మధ్యాహ్నం పిచ్చుక నా మంచం మీద పడుకుని ఉంది. వీపు నిమురుతున్నాను. నిద్రపోయింది అనుకున్నాను.

"అమ్మమ్మా, ఈమధ్య కళ్ళు మూసుకుంటే ఒక మాట వినబడుతోంది."

"కడుపుతో ఉన్నవాళ్ళకు అన్నీ వినబడతాయి."

"ఎవరో ఆడమనిషి. బయట వాన. 'ఇది పోయింది, తల్లిని చూద్దాం' అంటుంది. అంతే. ఆ తరవాత ఒకటే వాన."

నా చెయ్యి ఆగిపోయింది. ఆ మాట నేనన్నదే. ఒక్క అక్షరం తేడా లేదు. పక్కింటావిడతో అన్నాను. మా అమ్మాయికి వినబడకూడదని గొంతు తగ్గించి అన్నాను. పక్కింటావిడ పోయి పద్నాలుగేళ్ళు.

"ఆ గొంతు ఎవరిదో తెలుసా?" అని అడిగాను.

"నీ చెయ్యి ఆపకు, హాయిగా ఉంది" అంది.

నవంబరు 6

తెలుసు దానికి.

నవంబరు 9, సోమవారం

చెప్పేశాను.

మిషను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. పిచ్చుక ఎదురుగా బల్ల మీద చిన్న చొక్కాలకు గుండీలు కుడుతోంది. టైపిస్టమ్మ ముందు చెప్పినంత పద్ధతిగా రాలేదు. నాలుగూ పది, నాలుగూ యాభై, సత్తు పళ్ళెం, నెత్తురు, అన్నీ తిరగామరగా చెప్పాను. మొదటి రెండు మాటలకే మిషను ఆగింది. ఆగిన మిషను ముందు మాట్లాడటం నాకు అలవాటు లేదు, గొంతు పెద్దదైపోయింది.

మా అమ్మాయి చక్రం మీద చెయ్యి వేసింది.

"బాగుంది అన్నావు" అంది. "పడుకుంది అన్నావు. నేను నవ్వాను. గుర్తుందా? నేను నవ్వాను అమ్మా."

"నీ ప్రాణం కోసం..."

"నా ప్రాణం కోసమే. కాదన్నానా? ఆ తరవాత? ఇరవై తొమ్మిదేళ్ళు ఎవరి ప్రాణం కోసం దాచావు?"

దానికి నేను ఏదో అన్నాను. అరిచాను. ఇన్ని పురుళ్ళు పోసినదాన్ని, బతికిన బిడ్డను చచ్చిందని పక్కన పెట్టానని ఊరంతా చెప్పుకోవాలా అన్నాను. ఆ మాట అన్నాకే తెలిసింది, ఇన్నేళ్ళూ దాచింది దానికోసమేనని. రాయి. కొట్టెయ్యకు.

పిచ్చుక మాత్రం గుండీ కుట్టడం పూర్తి చేసి, ముడి వేసి, దారం తెంపింది. "పదిహేడుకే వెళదాం. అమ్మమ్మ చెప్పినట్టే" అంది. వాళ్ళమ్మ కాగితం పీకి, ఉండ చుట్టి, ఫోను తీసింది. డాక్టరమ్మ విసుక్కుని, చివరికి ఒప్పుకుంది. నొప్పి ఏ కాస్త వచ్చినా ఆగకుండా తీసుకురమ్మంది.

నవంబరు 10, మంగళవారం

గడియారాలాయనకూ చెప్పాను. తిడతాడనుకున్నాను.

"ఆ రోజు నా దగ్గర పేర్చింది పిచ్చుకదా?" అన్నాడు.

"అవును. కానీ ప్రాణం వచ్చింది నాలుగూ యాభైకి. ఏడ్చింది."

"ఏడవడం నువ్వు విన్నావా? నీ రెండు చెవులతో?"

"విన్నాను."

"అయితే మంచిదే. విన్నదీ లేనిదీ నీకు తెలియాలి. బిడ్డ మొదటి ఏడుపుకే మేము గుమ్మం పెట్టేది" అన్నాడు.

విన్నాను.

నవంబరు 11

పిచ్చుక పొద్దుటినుంచీ ఆ సుద్ద పెట్టె నడుమ చాప వేసుకుని పడుకుంది. లేపితే లేవలేదు. చల్లగా ఉందట.

నవంబరు 15, ఆదివారం

పన్నెండో తారీకు పొద్దున ఎనిమిదిన్నరకు ఉమ్మనీరు పోయింది. పదిహేడు దాకా ఆగలేదు. ఆటోలో నా ఒళ్ళో తల పెట్టుకుని, "కంగారు పడకు, ఇదంతా అయ్యేదే" అని అది నాకు చెబుతోంది. నేను కడుపు మీద చెయ్యి వేశాను. బిడ్డ చెయ్యి కిందికి జారుతోంది. పూర్వమైతే ఆ మనిషి మీద ఆశ వదులుకునేదాన్ని.

ఆసుపత్రిలో పరుగులు. ఎవరూ ఘడియ అడగలేదు, ఎవరూ కట్టలేదు. తలుపు వేసేశారు. తలుపు మీద గుండ్రటి గడియారం. ముళ్ళు చూడకూడదనుకున్నాను. లోపల బిడ్డ కెవ్వుమన్నప్పుడు కళ్ళు వాటంతట అవే పైకి పోయాయి. పదీ ఇరవై. మేము ఉండ చుట్టి పారేసిన ఘడియ.

నర్సు బిడ్డను తెచ్చింది. ఆడపిల్ల, ఎర్రగా, ఒళ్ళంతా కోపం. మా అమ్మాయి బిడ్డను అందుకుంది. "తల్లి?" అని అడిగాను. నర్సు జవాబు చెప్పకుండా లోపలికి పోయింది. ఆ నడక నాకు తెలుసు. నెత్తురు ఆగనప్పుడు మేమంతా అలాగే నడుస్తాం.

డాక్టరమ్మ ఒకసారి బయటికి వచ్చి రక్తం సీసాల కోసం కేకేసింది. ఇంకోసారి వచ్చి పిచ్చుక మొగుడి చేత సంతకం పెట్టించుకుంది. మా అమ్మాయి బెంచీ ఆ చివర, నేను ఈ చివర. తొమ్మిదో తారీకు నుంచీ ఆమె నాతో మాట్లాడలేదు. అప్పుడూ మాట్లాడలేదు. బిడ్డను మాత్రం నాకు కనబడేలా ఎత్తి పట్టుకుంది.

నర్సు ఒకామె తలుపు సందులోంచి ఇంకొకామెతో అనడం విన్నాను. నాడి అందడం లేదు అంది. నేను లేచి తలుపు నెట్టాను. బయటికి తోశారు. మళ్ళీ నెట్టాను. "ఎవరీ ముసలమ్మ?" అన్నారు. "దాన్ని మొదట తీసినదాన్ని" అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. తలుపు లోపలినుంచి గడియ పెట్టుకున్నారు.

ఎంతసేపో తెలియదు. ఈసారి గడియారం చూడలేదు. డాక్టరమ్మ బయటికి వచ్చి గోడకు ఆనుకుని, మాస్కు కిందికి లాగి, "తిరిగొచ్చింది" అంది. వాళ్ళు అలాగే అంటారట. మామూలు మాటేనట.

మర్నాడు మధ్యాహ్నం తెలివి వచ్చింది. మా అమ్మాయి గదిలోంచి బయటికి వచ్చి నా ఎదురుగా నిలబడింది. "నిన్నే అడుగుతోంది. వెళ్ళు" అంది. అదే మొదటి మాట.

పిచ్చుక ముఖం తెల్లగా ఉంది. బిడ్డ పక్క ఉయ్యాల్లో ఉంది.

"ఇది ఏడవడం నాకు వినబడింది" అంది. "అమ్మమ్మా, నేను ఏడ్చానా?"

గడియారాలాయనకు చెప్పినట్టు దానికీ చెప్పడానికి నోరు తెరిచాను. రాలేదు.

"లేదు తల్లీ. నువ్వు ఏడవలేదు. నేను తిరిగి చూసేసరికి కళ్ళు తెరుచుకుని ఉన్నావు. చప్పుడు లేకుండా నన్నే చూస్తున్నావు. ఏడ్చిందని అందరికీ నేనే చెప్పాను."

"ఎప్పటినుంచి చూస్తున్నానో తెలియదు నీకు."

"తెలియదు. వెనక్కి తిరిగి చూస్తే కదా."

నా వేలు పట్టుకుంది. పసిపిల్లలు పట్టుకున్నట్టు గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"నాకు తెలుసు. మొదటినుంచీ" అంది. "నీకు నీలం చీర. వీపంతా చెమట. అమ్మ మీదికి వంగి ఉన్నావు. నేను నీ వీపే చూస్తూ ఉన్నాను. ఎంతసేపైనా తిరగలేదు నువ్వు."

కోపంగా అనలేదు. ఆ మాట అని కళ్ళు మూసుకుంది.

నేను కుర్చీని దాని మంచానికీ ఉయ్యాలకీ ఎదురుగా లాక్కుని కూర్చున్నాను. రెండు రోజులుగా అక్కడే ఉన్నాను. నర్సులు ఇంటికి పొమ్మంటే పోలేదు. ఇవాళ ఈ నాలుగు మాటలూ చెప్పడానికి మాత్రం వచ్చాను. టైపిస్టమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంటోంది, కోర్టులో ఇలా చేసేది కాదట. తొందరగా ముగించు అంటున్నాను. కింద ఆటో ఆగి ఉంది. నేను వచ్చి అప్పుడే అరగంట దాటింది, అక్కడ పిచ్చుక నిద్ర లేచే వేళయింది.